కౌంటరు రసీదు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు: పాత మెయిన్‌ఫ్రేమ్ ట్రాఫిక్‌ను రౌటర్ ఎట్లా దాటిస్తుంది?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఆ బోర్డుల సంగతి చెప్పక్కర్లేదు. జావా, పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్. వాటి మధ్యలో ఎక్కడో ఒక మూల "మెయిన్‌ఫ్రేమ్స్: కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2" అని కూడా ఉంటుంది. 2000 సంవత్సరం సమస్య వచ్చినప్పుడు ఆ నాలుగు మాటలు నేర్చుకునే మన దగ్గరి పిల్లలు ఎంతోమంది విదేశాలకు పోయారు. ఆ యంత్రాలు మాత్రం ఇంకా పోలేదు. పెద్ద పెద్ద బ్యాంకులు, బీమా కంపెనీలు, విమానయాన సంస్థల లెక్కలు ఇప్పటికీ వాటి మీదే నడుస్తున్నాయి.

అమీర్‌పేటలో కోబాల్ చెప్తారు. మన కాలేజీలో టీసీపీ/ఐపీ చెప్తారు. కానీ ఎప్పుడో 1970లలో తయారైన మెయిన్‌ఫ్రేమ్ సంభాషణ ఇప్పటి ఐపీ నెట్‌వర్క్ మీదుగా ఊరు దాటి ఎట్లా పోతుందో రెండు చోట్లా చెప్పరు. ఈ వ్యాసం దాని గురించే.

నాకు ఈ విషయం మా అన్న ద్వారా తెలిసింది. మాది జనగామ జిల్లా నర్మెట్ట. అన్న హైదరాబాద్‌లో ఒక విదేశీ బ్యాంకు నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగంలో రాత్రి డ్యూటీ చేస్తాడు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నా ఈసీఈ మూడో సంవత్సరం నోట్సు తిరగేసి, "అన్నీ కొత్తవే చదువుతున్నవ్ చెల్లె, పాతది ఒక్కటన్న చదువు. కొత్తది ఎందుకు అట్లున్నదో అర్థమైతది" అన్నాడు. అట్లా మొదలైంది.

హాజరు పిలిచే పద్ధతి

ఐబీఎం సంస్థ 1974లో ఎస్‌ఎన్‌ఏ అనే నెట్‌వర్క్ పద్ధతిని ప్రకటించింది. పూర్తి పేరు సిస్టమ్స్ నెట్‌వర్క్ ఆర్కిటెక్చర్. ఇందులో అందరూ సమానం కాదు. పైన మెయిన్‌ఫ్రేమ్, దాని ముందు ట్రాఫిక్ చూసుకునే ఫ్రంట్ ఎండ్ ప్రాసెసర్, దూరంగా శాఖలో ఒక కంట్రోలర్, ఆ కంట్రోలర్ కింద టెర్మినళ్లు. నల్ల తెర మీద పచ్చని అక్షరాలుండే 3270 టెర్మినల్ ఫొటోలు మీరు చూసే ఉంటారు.

శాఖకూ మెయిన్‌ఫ్రేమ్‌కూ మధ్య లీజు లైను మీద నడిచే ప్రోటోకాల్ పేరు ఎస్‌డీఎల్‌సీ. ఇది అచ్చం మన క్లాసులో హాజరు పిలిచినట్టే. లైనుకు ఒకరే పెద్ద, వారిని ప్రైమరీ అంటారు. మిగతావాళ్లు సెకండరీలు. ప్రైమరీ ఒక్కో నంబరు పిలుస్తుంది. పిలిచినప్పుడే పలకాలి. చెప్పేదేమైనా ఉంటే అప్పుడే చెప్పాలి, లేకపోతే "ఏమీ లేదు" అనైనా అనాలి. ఇదే పోలింగ్. గడువులోపు జవాబు రాకపోతే మళ్లీ పిలుస్తుంది. కొన్నిసార్లు పిలిచినా పలకకపోతే ఆబ్సెంట్ వేసి సెషన్ తెంపేస్తుంది.

ఇక్కడ ఒక నమ్మకం ఉంది: మౌనం అంటే చావు. తీగ ఒక్కటే, అది ఎప్పుడూ మనదే, దాని మీద ఇంకెవరూ రారు అన్న కాలంలో ఆ నమ్మకం సరైనదే. ఐపీ నెట్‌వర్క్‌లో మాత్రం మౌనానికి చాలా అర్థాలుంటాయి. ప్యాకెట్ క్యూలో ఉండొచ్చు, వేరే దారిలో రావొచ్చు, పోయి మళ్లీ పంపబడుతూ ఉండొచ్చు.

మన దేశంలో కూడా ఎస్‌ఎన్‌ఏకు చరిత్ర ఉంది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినప్పుడు దాని యంత్రాల నిర్వహణ ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ చేతికి వచ్చింది. అదే సీఎంసీ 1980లలో ఇండోనెట్ పేరుతో నగరాల మధ్య కంప్యూటర్ నెట్‌వర్క్ నడిపింది. దాని పునాది ఎస్‌ఎన్‌ఏనే. సీఎంసీ పరిశోధన విభాగం మన సికింద్రాబాద్‌లో ఉండేది. 2015లో ఆ సంస్థ టీసీఎస్‌లో కలిసిపోయింది.

దూరం లెక్క

సమస్య ఎంత పెద్దదో ఒక లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ 1999లో బ్యాంకుల కోసం ఇన్ఫినెట్ మొదలుపెట్టినప్పుడు అది వీశాట్, అంటే ఉపగ్రహం మీద నడిచే నెట్‌వర్క్. అటువంటి లింకునే ఉదాహరణగా తీసుకుందాం.

భూస్థిర ఉపగ్రహం సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. పైకి పోయి కిందికి రావాలంటే దాదాపు 71,572 కిలోమీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో 0.24 సెకను. ప్రశ్న ఒకసారి, జవాబు ఒకసారి అంటే 0.48 సెకను. ఇది కేవలం ప్రయాణం. పరికరాల ఆలస్యం దీనికి అదనం.

ఒక లైను మీద 5 కంట్రోలర్లు ఉన్నాయనుకోండి. ఎవరి దగ్గరా డేటా లేకపోయినా, ఒక్క చుట్టు హాజరు పిలవడానికే 2.4 సెకన్లు. అదే పోలింగ్ శాఖలోనే, 9600 బిట్ల లైను మీద జరిగితే? ఒక పోల్ ఫ్రేమ్ 6 బైట్లు, అంటే 48 బిట్లు, 5 మిల్లీసెకన్లు. జవాబుకు ఇంకో 5. ఐదుగురికీ కలిపి 50 మిల్లీసెకన్లు, పరికరాల ఆలస్యం కొంచెం. రెండింటికీ దాదాపు 50 రెట్లు తేడా.

లాన్ వైపు ఎల్‌ఎల్‌సీ2 అనే ఇంకో ప్రోటోకాల్ ఉంటుంది. సిస్కో రౌటర్లలో దాని జవాబు గడువు మామూలుగా 1 సెకను, మళ్లీ ప్రయత్నాలు 8. లింకు రద్దీ అయితే ఈ గడువులు దాటిపోతాయి. తీగ తెగలేదు, యంత్రం ఆగలేదు, అయినా టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి సెషన్ పోతుంది.

రౌటర్ మధ్యలో నిలబడితే

దీనికి వచ్చిన మందు డేటా లింక్ స్విచింగ్, పొట్టిగా డీఎల్‌ఎస్‌డబ్ల్యూ. ఐబీఎం దగ్గర పుట్టింది. 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1434గా, సరిదిద్దిన రూపం 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1795గా వచ్చాయి. సిస్కో తన అదనపు హంగులతో చేసినదాన్ని డీఎల్‌ఎస్‌డబ్ల్యూ ప్లస్ అంటారు.

ఆలోచన తేలికే. శాఖలో ఒక రౌటర్, మెయిన్‌ఫ్రేమ్ దగ్గర ఒక రౌటర్. రెండింటి మధ్య టీసీపీ కనెక్షన్. శాఖ రౌటర్ తానే ప్రైమరీ వేషం వేసి కంట్రోలర్‌ను పోల్ చేస్తుంది. అవతలి రౌటర్ మెయిన్‌ఫ్రేమ్ ముందు కంట్రోలర్ వేషం వేస్తుంది. "ఏమీ లేదు" అనే ఖాళీ మాటలు ఎక్కడివక్కడే ఆగిపోతాయి. నిజమైన డేటా మాత్రమే టీసీపీ మీద దూరం పోతుంది. మధ్యలో పోయిన ప్యాకెట్ల సంగతి టీసీపీ చూసుకుంటుంది. దీన్నే లోకల్ అక్నాలెడ్జ్‌మెంట్ అంటారు.

ఈ రౌటర్లు ఒకదాన్నొకటి పలకరించుకునే మాటలు మన సాహితీ క్లబ్బుకు నచ్చేలా ఉంటాయి. ఒక రౌటర్ "కెన్ యూ రీచ్" అని పంపుతుంది, అంటే "ఫలానా చిరునామా నీకు అందుతుందా?" అని. అందేవాడు "ఐ కెన్ రీచ్" అని బదులిస్తాడు. ప్రోటోకాల్ పత్రంలో ఆ సందేశాల పేర్లు నిజంగా అవే.

కమాండ్లు

ఇప్పుడు శాఖ రౌటర్‌ను అమరుద్దాం. కమాండ్లను ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో రాస్తున్నా. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి. చిరునామాలన్నీ ఉదాహరణకే.

ఇంటర్‌ఫేస్ లూప్‌బ్యాక్ 0
ఐపీ అడ్రస్ 10.2.2.1 255.255.255.255

డీఎల్‌ఎస్‌డబ్ల్యూ లోకల్-పీర్ పీర్-ఐడీ 10.2.2.1
డీఎల్‌ఎస్‌డబ్ల్యూ రిమోట్-పీర్ 0 టీసీపీ 10.1.1.1

ఇంటర్‌ఫేస్ సీరియల్ 1
నో ఐపీ అడ్రస్
ఎన్‌క్యాప్సులేషన్ ఎస్‌డీఎల్‌సీ
క్లాక్ రేట్ 9600
ఎస్‌డీఎల్‌సీ రోల్ ప్రైమరీ
ఎస్‌డీఎల్‌సీ వీమ్యాక్ 4000.1234.5600
ఎస్‌డీఎల్‌సీ అడ్రస్ సీ1
ఎస్‌డీఎల్‌సీ ఎక్స్‌ఐడీ సీ1 01712345
ఎస్‌డీఎల్‌సీ పార్ట్‌నర్ 4000.3745.0001 సీ1
ఎస్‌డీఎల్‌సీ డీఎల్‌ఎస్‌డబ్ల్యూ సీ1

ఒక్కోటి ఎందుకో చూద్దాం.

లూప్‌బ్యాక్: రౌటర్ చిరునామాను ఏదో ఒక వైరుకు కట్టేయకుండా లోపలి ఇంటర్‌ఫేస్‌కు ఇస్తున్నాం. ఒక లింకు పోయి ట్రాఫిక్ ఇంకో దారిలోకి మళ్లినా చిరునామా మారదు, టీసీపీ కనెక్షన్ నిలబడుతుంది, పైన ఎస్‌ఎన్‌ఏ సెషన్‌కు ఆ సంగతే తెలియదు.

లోకల్-పీర్, రిమోట్-పీర్: నేనెవరు, అవతలివాడెవరు. టీసీపీ పోర్టు 2065 ఈ మాటలకు వాడతారు. ఫైర్‌వాల్‌లో అది తెరిచి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

రోల్ ప్రైమరీ: హాజరు పిలిచే పని ఈ రౌటర్‌దే.

వీమ్యాక్: ఎస్‌డీఎల్‌సీ పరికరానికి మ్యాక్ చిరునామా ఉండదు. అందుకని రౌటర్ దానికి ఒకటి కల్పిస్తుంది. చివర రెండు సున్నాల చోట పరికరం నంబరు వచ్చి చేరుతుంది. కాబట్టి ఇది 4000.1234.56సీ1 అవుతుంది. ఈ సీ1 అనే సంఖ్య పాత కాన్ఫిగరేషన్లలో తరచూ కనపడుతుంది. మెయిన్‌ఫ్రేమ్ వాడే ఈబీసీడిక్ అక్షర పట్టికలో ఇంగ్లీషు మొదటి అక్షరం క్యాపిటల్ విలువ కూడా సీ1.

ఎక్స్‌ఐడీ: పరికరం గుర్తింపు కార్డు. మొదటి మూడు అంకెలు పరికరం జాతి, మిగతా ఐదు దాని సొంత నంబరు. మెయిన్‌ఫ్రేమ్ వైపు వీటామ్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసిపెట్టిన నంబరుతో ఇది అక్షరం పొల్లు పోకుండా కలవాలి.

పార్ట్‌నర్: మెయిన్‌ఫ్రేమ్ చిరునామా. చివరి లైను ఈ పరికరాన్ని డీఎల్‌ఎస్‌డబ్ల్యూకు అప్పజెప్తుంది.

మెయిన్‌ఫ్రేమ్ వైపు రౌటర్ ఈథర్నెట్ మీద ఉందనుకుంటే:

డీఎల్‌ఎస్‌డబ్ల్యూ లోకల్-పీర్ పీర్-ఐడీ 10.1.1.1 ప్రొమిస్క్యువస్
డీఎల్‌ఎస్‌డబ్ల్యూ బ్రిడ్జ్-గ్రూప్ 1
బ్రిడ్జ్ 1 ప్రోటోకాల్ ఐఈఈఈ
ఇంటర్‌ఫేస్ ఈథర్నెట్ 0
బ్రిడ్జ్-గ్రూప్ 1

దీనికి కూడా 10.1.1.1 లూప్‌బ్యాక్ ముందే ఇచ్చి ఉండాలి. ప్రొమిస్క్యువస్ అంటే ముందుగా పేరు రాయకపోయినా వచ్చిన పీర్‌ను ఒప్పుకోవడం. వంద శాఖలుంటే వంద లైన్లు రాయక్కర్లేదు. అయితే తలుపు తీసిపెట్టినట్టే కదా, లోపలికి ఏ చిరునామాలు రావచ్చో యాక్సెస్ లిస్టుతో కట్టడి చేయాలి.

తిరగబడే బిట్లు

కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. టోకెన్ రింగ్ బైటును ఒక చివర నుంచి చదివితే, ఈథర్నెట్ రెండో చివర నుంచి చదువుతుంది. డీఎల్‌ఎస్‌డబ్ల్యూ ఎప్పుడూ టోకెన్ రింగ్ పద్ధతిలోనే చిరునామా అడుగుతుంది. మెయిన్‌ఫ్రేమ్ ఈథర్నెట్ మీద ఉంటే ఆ చిరునామాను ప్రతి బైటులో బిట్లు తిరగేసి ఇవ్వాలి.

37 తీసుకోండి. బిట్లలో 00110111. తిరగేస్తే 11101100, అంటే ఈసీ. అదే పద్ధతిలో 40 అనేది 02 అవుతుంది, 45 అనేది ఏ2, 01 అనేది 80. కాబట్టి పైన పార్ట్‌నర్ లైనులో 4000.3745.0001 అని రాసిన యంత్రం ఈథర్నెట్ కార్డు మీద 0200.ఈసీఏ2.0080 అని కనిపించాలి. బైట్ల వరుస మారదు, బైటు లోపలి బిట్ల వరుసే మారుతుంది.

ఎక్కడ ఆగిందో కనుక్కోవడం

కింది నుంచి పైకి, నాలుగు మెట్లు.

మొదటిది "షో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ పీర్స్". స్థితి కనెక్ట్ అని ఉండాలి. లేకపోతే అది మామూలు ఐపీ సమస్య. లూప్‌బ్యాక్ నుంచి లూప్‌బ్యాక్‌కు పింగ్ కొట్టండి, పోర్టు 2065 చూడండి.

రెండోది "షో ఇంటర్‌ఫేస్ సీరియల్ 1". ఎస్‌ఎన్‌ఆర్‌ఎం సెంట్ దగ్గరే ఉండిపోతే, రౌటర్ పిలుస్తోంది కానీ కంట్రోలర్ పలకడం లేదు. కేబులు, క్లాక్, పరికరం నంబరు, ఎన్‌ఆర్‌జెడ్‌ఐ ఎన్‌కోడింగ్ చూడండి.

మూడోది "షో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ రీచబిలిటీ". మెయిన్‌ఫ్రేమ్ చిరునామా ఎదురుగా సెర్చింగ్ అనే ఉంటే, పైన చెప్పిన బిట్ల తిరకాసును అనుమానించండి.

నాలుగోది "షో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ సర్క్యూట్స్". కనెక్టెడ్ అని వస్తే సరే. సర్క్యూట్ ఎస్టాబ్లిష్డ్ దగ్గర ఆగితే దారి పడింది కానీ గుర్తింపు కుదరలేదు. ఎక్స్‌ఐడీ సరిచూసుకుని, మెయిన్‌ఫ్రేమ్ వాళ్లకు ఫోన్ చేసే సమయం అది.

ఏ రసీదు?

ఇంతదాకా అన్న చెప్పింది రాసుకుంటూ పోయాను. లోకల్ అక్నాలెడ్జ్‌మెంట్ దగ్గర నాకు ఒక ముల్లు గుచ్చుకుంది. అవతలికి చేరకముందే ఇవతల "చేరింది" అనడం ఏంటి?

"అన్నా, ఇది అబద్ధం కాదా?"

"అబద్ధం కాదే. రసీదు. ఇదివరకు రిజిస్టర్ పోస్టు చేస్తె కౌంటర్ల చీటీ ఇచ్చేటోళ్లు సూడు, అది. ఉత్తరం మాకు ముట్టిందని దానర్థం. అవతలోనికి ముట్టిందని కాదు. ముట్టినట్టు సంతకంతోని ఇంకో కార్డు వచ్చేది. రెండిటినీ ఒక్కటనుకుంటెనే లొల్లి."

నాకు వెంటనే మా బాపు గుర్తొచ్చాడు. ఒక ఏడాది వానకాలం ఎరువుల కోసం బ్యాంకులో డబ్బు పంపించి, ముద్ర వేసిన చీటీ పట్టుకుని దుకాణానికి పోయాడు. దుకాణదారు ఫోన్ చూసి "నాకింక పడలే" అన్నాడు. చీటీ నిజమే, ఆయన మాటా నిజమే. సాయంత్రం దాకా బస్తాలు బండి ఎక్కలేదు. ఆ బ్యాంకులో ఎస్‌ఎన్‌ఏ ఉందని నేననడం లేదు. కానీ బాపు చేతిలో ఉన్నది కౌంటరు చీటీ, దుకాణదారు అడిగింది సంతకం కార్డు.

ఇప్పుడు రౌటర్ దగ్గరకు రండి. కంట్రోలర్ ఒక ఫ్రేమ్ పంపింది. శాఖ రౌటర్ "అందింది" అంది. ఆ ఫ్రేమ్ ఇంకా రౌటర్ మెమరీలోనే, టీసీపీ క్యూలో ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ ఫ్రేమ్ ఇక ఎక్కడా లేదు. కానీ డేటా లింక్ స్థాయిలో కంట్రోలర్ లెక్క ప్రకారం అది చేరిపోయింది.

మరి డబ్బు పోయినట్టేనా? కాదు. రెండు రక్షణలున్నాయి. పీర్ కనెక్షన్ తెగిందని తెలియగానే అవతలి రౌటర్ తన వైపు లింకును కూడా దించేస్తుంది, సెషన్ తెగుతుంది, సంగతి అప్లికేషన్‌కు తెలుస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఎస్‌ఎన్‌ఏలో డేటా లింక్ పైన, సెషన్ స్థాయిలో, డెఫినిట్ రెస్పాన్స్ అనే వేరే రసీదు ఉంది. దాన్ని రౌటర్ ఇవ్వదు, ఇవ్వలేదు. అవతలి చివరన ఉన్నవాళ్లే ఇవ్వాలి. రౌటర్ దాన్ని మామూలు డేటా లాగా మోసుకొస్తుందంతే. కాబట్టి డబ్బు లెక్క తేల్చే ప్రోగ్రాం ఈ రెండో రసీదు మీదే ఆధారపడాలి. అప్పుడు రౌటర్ మొదటి రసీదును ఎంత తొందరగా ఇచ్చినా నష్టం లేదు.

అందుకే నెట్‌వర్క్ చూసేవాడు "షో" కమాండ్‌లో కనెక్టెడ్ చూసి "మా వైపు అంతా బాగుంది" అన్నప్పుడు, అది ఏ మెట్టు దాకా నిజమో కూడా చెప్పగలగాలి. అన్న పనిచేసే చోట రాత్రి రెండింటికి ఫోన్ వస్తే అడిగేది "లింకు ఉందా" అని కాదట, "ఏ రసీదు దాకా వచ్చింది" అని.

ఇది ఇప్పుడు ఎందుకు?

డీఎల్‌ఎస్‌డబ్ల్యూ వయసైపోతోంది. దాని చోట రెండు దారులు వచ్చాయి. టెర్మినల్ పనికైతే టీఎన్3270, అంటే ఆ పచ్చ తెరనే టీసీపీ మీద నేరుగా నడపడం. రెండు పెద్ద యంత్రాల మధ్య ఎస్‌ఎన్‌ఏ కావాలంటే ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్. 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2353గా వచ్చింది, యూడీపీ పోర్టులు 12000 నుంచి 12004 వాడుతుంది. పాత లైనును వీటిలోకి మార్చే పని వచ్చినప్పుడు, పాత రౌటర్‌లో ఎవరో పదిహేనేళ్ల కింద రాసిన ఎస్‌డీఎల్‌సీ లైన్లు చదవగలిగినవాడే మార్చగలడు.

సందేశం దళారి ద్వారా పోయే కొత్త వ్యవస్థల్లోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. మన మినీ ప్రాజెక్టుల్లో ఎంక్యూటీటీ వాడి సెన్సర్ రీడింగ్ పంపుతాం కదా. అక్కడ "పబ్లిష్ అయింది" అని మనకు రసీదు ఇచ్చేది బ్రోకర్. అవతల చదవాల్సిన యంత్రం కాదు. మోటారు ఆపమని సందేశం పంపి, బ్రోకర్ రసీదు చూసి ఆగిందనుకుంటే ఏమవుతుందో ఆలోచించండి.

ప్యాకెట్ ట్రేసర్‌లో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ లేదు. ల్యాబ్ స్టోరులో పాత సిస్కో రౌటర్లు రెండు దొరికితే, కంట్రోలర్ లేకపోయినా పీర్ కనెక్షన్ దాకా తెచ్చి చూడొచ్చు. మధ్య లింకు పీకి, లూప్‌బ్యాక్ ఉన్నప్పుడూ లేనప్పుడూ ఏం మారిందో గమనించండి.

చివరగా మీకు మూడు ప్రశ్నలు:

1. 4000.1234.56సీ1 ను ఈథర్నెట్ పద్ధతిలో రాయండి.
2. ఉపగ్రహం లింకు మీద 8 కంట్రోలర్లను దూరం నుంచే పోల్ చేస్తే ఒక చుట్టుకు కనీసం ఎంత సమయం పడుతుంది?
3. మీ సొంత ప్రాజెక్టులో వచ్చే ప్రతి "సక్సెస్" సందేశం తీసుకోండి. అది కౌంటరు చీటీయా, సంతకం కార్డా?

మొదటి రెండిటికీ లెక్క ఉంది. మూడోదానికి మీ ప్రాజెక్టు విప్పి చూడాలి. చూసి క్లబ్బుకు రాయండి, మంచి జవాబులు వచ్చే సంచికలో వేద్దాం.